అరువు ముక్కు

ఆవిడ పోయిందన్న కబురు వచ్చిన రోజు నా ముక్కు దిబ్బడ వేసి ఉంది. చలి శివరాత్రికి శివశివా అని పోతుందంటారు గానీ బెంగళూరు జలుబు ఉగాది దాకా కూర్చుంటుంది. ఫోను చేసింది ఆ ఇంటి సొంతదారు, కిందింటి అవ్వ.

"పైనింటి ఆయమ్మ పొద్దున లేయలేదప్పా. నువ్వు బేగ రా."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అవ్వా, నాకు జలుబు చేసింది" అని. పక్కనున్న మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చావుకబురు చెబుతుంటే జలుబు సంగతి ఎత్తుతుందేమిటీ మనిషి అనుకుని ఉంటాడు. అవ్వకు మాత్రం అర్థమైంది. "ఉండనీలే, రా" అని ఫోను పెట్టేసింది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆవిడకు వాసన తెలిసేది కాదు. పువ్వూ ఒకటే, పేడా ఒకటే. అటువంటి మనిషి చైనావాళ్ళ సాసులతో, తైవాన్‌వాళ్ళ సాసులతో, సముద్రం నుంచి మంచులో దొర్లుకుంటూ వచ్చిన రొయ్యలతో నలుగురికి వండి పంపి బతికింది. రొయ్య పాడైందో లేదో చెప్పేది ముక్కే కదా. ఆ ముక్కు లేదన్న సంగతి బయటపడితే ఆవిడ వంట ఆ రోజుతో సరి. బయటపడకుండా ఎవరికైనా పాడైన ముద్ద వెళ్ళిందంటే అంతకన్నా ఘోరం. ఈ రెండు భయాల మధ్య ఆవిడ ఏళ్ళ తరబడి పొయ్యి వెలిగించింది. తెలిసింది నాకూ అవ్వకూ. ఇప్పుడిక దాచి ఎవరికేం ప్రయోజనం?

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కర్నూలు నుంచి వచ్చి మారతహళ్ళిలో సాఫ్ట్‌వేరు టెస్టింగు ఉద్యోగంలో చేరాను. అప్పట్లో అక్కడ ఇళ్ళకన్నా ఇసుక కుప్పలు ఎక్కువ. పీజీలో పెట్టే సాంబారు మింగలేక గది కోసం తిరుగుతూ ఆ మేడ మెట్లెక్కాను. కింద ఇంటివాళ్ళు, పైన ఈవిడ. ఉన్న రెండు గదుల్లో ఒకటి ఇస్తానంది. జీతమెంత, ఎన్నింటికి వస్తావు, మగపిల్లలెవరైనా వస్తారా, ఇవేవీ అడగలేదు. లోపలికి వెళ్ళి ఒక సీసా తెచ్చి, మూత తీసి నా ముక్కు కింద పెట్టింది.

"ఏం వాసన?"

"బాగుందండీ" అన్నాను. ఇల్లు కావాలి కదా మరి.

"బాగుంది అనేది వాసన కాదు పిల్లా. దేని మాదిరి ఉందో చెప్పు."

మళ్ళీ చూశాను. "బెల్లం పాకం పట్టిన గిన్నెలో ఎండుచేప కడిగినట్టుంది" అన్నాను, వస్తే ఇల్లు వస్తుంది లేకపోతే పోతుందని.

ఆవిడ నవ్వింది. "రేపు సామాను తెచ్చుకో" అంది. అది ఆయిస్టర్ సాసని, ఆల్చిప్పలు ఉడికించిన నీళ్ళు చిక్కబెట్టి చేస్తారని తర్వాత తెలిసింది. మా వైపు తుంగభద్ర చేప తప్ప మరో నీటిప్రాణి తెలియదు. సముద్రం మొహం చూసింది కాలేజీ టూరులో. అట్లాంటి నా ముక్కుకు ఆ ఇంట్లో రోజూ పరీక్ష ఉండేది.

మనిషి పొడుగు. కాస్త ముందుకు వంగి నడిచేది. జుట్టు ఎప్పుడూ ఎడమ చెవి మీదికి దువ్వుకునేది, ఆ చెవి వెనక కుట్లు వేసిన మచ్చ ఉండేది. అందరికీ రకరకాలు వండిపెట్టి తను మాత్రం పెరుగన్నంలో ఊరమిరపకాయ కొరుక్కునేది. "కారం ఒక్కటే నాకు తెలిసేటట్టు తగులుతుంది" అనేది. అప్పుడు నాకా మాట అర్థం కాలేదు, నోరు చచ్చిన మనిషి కాబోలు అనుకున్నాను.

పొయ్యి మీద మూకుడు ఉందంటే ఆ వంటింట్లో చీమ చిటుక్కుమనకూడదు. తైవాన్ నుంచి మోసుకొచ్చిన ఇనప మూకుడది, గుండ్రటి అడుగు. నూనె వేసి, చెవి దానివైపు వంచి నిలబడేది. నేను ఆఫీసు కబుర్లేవో మొదలుపెట్టబోతే చెయ్యి పైకెత్తేది. "నోరు మూసుకో. వెల్లుల్లి మాట్లాడతా ఉంది." వెల్లుల్లి చిటపట సన్నబడగానే అల్లం, ఆ చప్పుడు మారగానే సోయా. ఒక గిన్నె సోయా, ఒక గిన్నె నువ్వుల నూనె, ఒక గిన్నె బియ్యపు సారా. మూడూ కలిసి బుడబుడమని, ఆ బుడబుడ బరువెక్కే దాకా ఆగి, అప్పుడు గుప్పెడు సబ్జా ఆకు వేసి దించేసేది. కళ్ళతో వండేవాళ్ళను చూశాను, ముక్కుతో వండేవాళ్ళను చూశాను, చెవితో వండిన మనిషిని ఈవిడనొక్కదాన్నే చూశాను.

ఆవిడది నెల్లూరు పక్క సముద్రపు ఊరు. తొంభైల్లో భర్త ఉద్యోగం మీద తైవాన్ వెళితే కొన్నేళ్ళు అక్కడ కాపురం చేసింది. పక్కింటి ముసలావిడ చేపల బజారుకు లాక్కుపోయి, చెయ్యి పట్టుకుని వంట నేర్పిందట. ఒకరి భాష ఒకరికి రాదు కదా ఎలా కుదిరిందక్కా అంటే, "చేపకి భాష ఏందే? తాజాగా ఉందా, లేదా? అంతే కదా" అనేది. తిరిగొచ్చి ఈ ఇంట్లో దిగిన కొన్నాళ్ళకే రింగురోడ్డు మీద లారీ వీళ్ళ స్కూటర్ని కొట్టింది. భర్త అక్కడికక్కడే పోయాడు. ఈవిడ తలకు దెబ్బ తగిలి బతికింది. పిల్లల్లేరు.

ఆయన పనిచేసిన కంపెనీవాళ్ళు తైవాన్ నుంచి కుర్ర ఇంజనీర్లను ఇక్కడి ఆఫీసుకు పంపుతుండేవారు. ఇక్కడి తిండి రెండు రోజులు సరదాగా తిని, మూడో రోజుకు వాళ్ళ మొహాలు వేలాడేవి. వాళ్ళ గెస్ట్‌హౌసుకు క్యారియర్లు పంపడమే ఈవిడ జీవనాధారం. మామూలు రోజుల్లో గుడ్లు, వంకాయలు, షాచా అని ఒక ముద్ద వేసి వేయించేది. ఎండురొయ్యలూ ఎండుచేపలూ వెల్లుల్లీ నూనెలో కాచి నూరిన ముద్ద అది. ఆదివారం మాత్రం పచ్చి సరుకు. నెల్లూరులో తమ్ముడు థర్మోకోల్ పెట్టెలో మంచు వేసి రైలెక్కిస్తే నేను కె.ఆర్.పురం స్టేషనుకు ఆటోలో పోయి దించుకునేదాన్ని. పెట్టె మీద పాత దుప్పటి కప్పి, పుట్టింటి నుంచి ఊరగాయలొచ్చిన మొహం పెట్టుకుని మెట్లెక్కాలి. ఎందుకంటే కింద అవ్వ ఉంది.

అవ్వవాళ్ళది కాటన్‌పేటలో తరాల నాటి బట్టల వ్యాపారం. కొడుకులు అక్కడే ఉండి కొట్టు చూసుకుంటుంటే, అవ్వ గాలి బాగుంటుందని ఈ కొత్తింటికి వచ్చింది. ఇల్లిచ్చేటప్పుడు ఒకటే షరతు పెట్టిందట. "నీచు మాత్రం వద్దప్పా. ఆ వాసన వచ్చినాదంటే మాటల్లేవు, ఖాళీ చేసేయాల." ఆ షరతుకు భర్త తలూపాడు, ఈవిడా ఊపింది. ఆయన పోయాక పొట్ట గడవాలంటే ఈ వంట తప్ప దారి లేకపోయింది. వేరే ఇల్లు చూసుకోవచ్చు కదా అంటారేమో. ఒంటరి ఆడమనిషికి, అందులోనూ వారం వారం చేపల పెట్టె దించుకునే మనిషికి ఎవరిస్తారండీ ఇల్లు? తిరిగి తిరిగి చెప్పులరిగి ఊరుకుంది.

అందుకని ఆదివారం రొయ్యలు మూకుట్లో పడగానే హాల్లో నిప్పుల మీద సాంబ్రాణి పడేది. పక్క పొయ్యి మీద ఇంగువ పోపు మాడేది. నేను మెట్ల మధ్యలో నిలబడి గాలి పీల్చాలి. "వస్తా ఉందా?" అని పైనుంచి సైగ. నేను వేళ్ళతో కొంచెం అంటే సాంబ్రాణి ఇంకో పిడికెడు. కింద అవ్వ దగ్గిందంటే ఇద్దరం ఎక్కడివాళ్ళం అక్కడే ఆగిపోయేవాళ్ళం. ఎన్ని ఆదివారాలు ఆ మెట్ల మీద నిలబడి ఉంటానో! అయినా అదంతా ఒక ఆటలా ఉండేది నాకు. వాసనలు నేర్పుతోంది, తన వంట నాకు నేర్పాలని చూస్తోంది అనుకుని మురిసిపోయేదాన్ని కూడా.

ఒక శనివారం దీపాలు పెట్టే వేళకు ఆఫీసు నుంచి వచ్చి తలుపు తోశాను. గ్యాసు కంపు మొహాన కొట్టింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆవిడ దేవుడి గూటి ముందు నిలబడి ఉంది. ప్రమిదలో వత్తి సర్ది, ఎడమచేతిలో అగ్గిపెట్టె, కుడిచేతిలో పుల్ల. పుల్లను పెట్టె మీద ఆనించింది.

పోయి ఆ చెయ్యి రెండు చేతులా పట్టేసుకున్నాను. పుల్ల కింద పడింది. ఆవిడ నావైపు బిత్తరపోయి చూసింది. "గ్యాసక్కా, గ్యాసు" అన్నాను. ఆవిడ పొయ్యివైపు చూసింది. గుండీ సగం తిరిగి ఉంది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. భయం కాదది. దొంగ దొరికిపోయినప్పుడు ఉంటుందే, అట్లా ఉంది.

కిటికీలన్నీ బార్లా తెరిచి ఇద్దరం గుమ్మంలో కూలబడ్డాం. నాకు కోపం ముంచుకొచ్చింది.

"ఇంత కంపు కొడుతుంటే నీకు తెలియలేదా?"

"తెలీలేదు."

"జలుబా?"

"కాదు. స్కూటరు పడ్డప్పటి నుంచి రాదు. ఆస్పత్రిలో వస్తే రావచ్చు అన్నారు. రాలేదు."

"మరి రోజూ నాకు సీసాలు చూపించి, రొయ్యలు చూపించి... నాకు నేర్పుతున్నావనుకున్నా కదక్కా!"

"నేర్పినాను గదా, అబద్ధం ఏముంది? నాకు కావల్సి వచ్చి నేర్పినా."

నాకు అంతకుముందు లేని భయం ఆ క్షణంలో పట్టుకుంది. ఇన్నాళ్ళూ నేను ఆడుతూ పాడుతూ చెప్పిన మాటల మీద ఎవరి పిల్లలో రొయ్యలు తిన్నారు! గది ఖాళీ చేసి పోదామనిపించింది, నిజం. ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"పోతే పో. ఉంటే మాత్రం ఒకటే మాట. నాకు మంచి మాటలు చెప్పొద్దు, నిజం చెప్పు. నీ మాట మీద నేను నలుగురి నోట్లో ముద్ద పెడతా ఉండా."

ఉన్నాను. ఎందుకున్నానంటే ఏం చెప్పను? అంత పెద్ద మనిషి అట్లా అడిగాక ఎట్లా పోతాం?

ఆ ఏడు డిసెంబరులో తైవాన్ నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడని కబురొచ్చింది. కుర్రాళ్ళ తిండి ఏర్పాట్లు చూసి, మరుసటి ఏడాదికి ఈవిడనే ఉంచాలా, ఏదైనా హోటలుకు అప్పగించాలా అన్నది ఆయన తేలుస్తాడట. ఆయనకు స్క్విడ్ అనే మెత్తటి సముద్రప్రాణి ఇష్టమట, సోయా, నువ్వుల నూనె, సారా పోసే ఆ మూడు గిన్నెల వంటలో వండాలట. ఆ వారమంతా ఈవిడకు నిద్ర లేదు. తమ్ముడికి ఫోన్ల మీద ఫోన్లు. ఆదివారం పొద్దున్నే నేను స్టేషనుకు వెళ్ళాను. అప్పటికే ముక్కు చీదుకుంటున్నాను. ఆ రైలు ఎప్పటికీ రాదే! సన్నటి జల్లులో ప్లాట్‌ఫారం మీద నిలబడి నిలబడి, పెట్టె చేతికొచ్చేసరికి పదకొండు దాటింది. ఇంటికొచ్చేసరికి నా ముక్కు రాయి అయిపోయింది. అయినా తగ్గుతుందిలే అన్న ధీమా.

పెట్టె మూత తీస్తే లోపల మంచు లేదు, నీళ్ళున్నాయి. ఒక సంచీలో రొయ్యలు, ఒక సంచీలో స్క్విడ్. రొయ్యల తలలు అక్కడక్కడ నల్లబడ్డాయి. స్క్విడ్ మాత్రం కంటికి తెల్లగా నిగనిగలాడుతోంది. "చూడు" అంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గట్టిగా పీల్చాను. గోడను పీల్చినట్టుంది.

"అక్కా, రావడం లేదు."

"సరుకుది రావటం లేదా, నీ ముక్కుకి రావటం లేదా?"

"ముక్కుకి."

ఆవిడ చేతిలోని కత్తి పక్కన పెట్టింది. తర్వాత జరిగిందంతా నాకిప్పటికీ కళ్ళ ముందుంది. పసుపు వేసి ఆవిరి పట్టించింది. వాము మూట కాచి ముక్కుకు అదిమింది. మిరియాలు నమిలించింది. నా కళ్ళవెంబడి నీళ్ళు కారాయి గానీ ముక్కు ఇంత కూడా తెరుచుకోలేదు. క్యారియర్ల కోసం ఆటో వచ్చే వేళవుతోంది. ఆవిడ ఒక స్క్విడ్ చేతిలోకి తీసుకుని, నొక్కి, కిటికీ వెలుగులో తిప్పి చూసి, చివరికి తన ముక్కు దగ్గరే పెట్టుకుంది. ఏళ్ళుగా రాని వాసన ఆ నిమిషానికైనా వస్తుందేమోనని ఆశ కాబోలు. నాకు చూడబుద్ధి కాలేదు.

"పారేద్దామక్కా. గుడ్లు చేసి పంపుదాం."

"పెద్దాయనకి గుడ్లు పంపితే వచ్చే ఏడు ఉండదు."

"పోనీ వండేద్దామా? కంటికి బాగానే ఉన్నాయిగా" అని నేనే అన్నాను, జలుబు తలనొప్పిలో.

"కంటికి బాగుండేది నాకూ కనిపిస్తా ఉంది. కన్ను కాదు కావల్సింది." చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "కిందికి పోతా ఉండా."

చుట్టుపక్కల ఉన్నవి పునాదులూ ఇసుక కుప్పలే. ఆ దాపుల్లో ఉన్న ముక్కు అవ్వది ఒక్కటే. "అక్కా, అవ్వకు చెబితే ఇల్లు పోతుంది!" అని చెయ్యి పట్టుకున్నాను.

"ఇల్లు పోతే ఇంకో ఇల్లు ఎతుక్కుంటా. ఆ పిల్లకాయల అమ్మలు సముద్రం అవతల ఉండారే. నేనేం పెట్టినా తింటారని వదిలిపెట్టి ఉండారు" అని చెయ్యి విడిపించుకుని దిగిపోయింది.

అవ్వ పైకొచ్చింది. మేము ఆ ఇంట్లో ఉండగా వంటగది గుమ్మం దాకా అవ్వ రావడం అదే మొదటిసారి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెట్టెవైపు, మావైపు మార్చి మార్చి చూసింది. ఈవిడ చేతులు కట్టుకుని అంతా చెప్పేసింది. తనకు వాసన రాదని, నా ముక్కుతో ఇన్నాళ్ళు నెట్టుకొచ్చానని, ఈ రోజు ఆ ముక్కూ లేదని. "ఖాళీ చేయమంటే చేస్తానవ్వా. ఈ ఒక్కటీ చూసి చెప్పు."

"నాకు తెలీదనుకుంటివా?" అంది అవ్వ. "ఆదివారం మధ్యాన్నం ఎవురన్నా సాంబ్రాణి వేస్తారాప్పా? సుమ్నె నోరు మూసుకోని ఉంటి, అంతే."

మేమిద్దరం తలలు వంచుకున్నాం.

"తే" అంది అవ్వ.

ఈవిడ రెండు గిన్నెల్లో విడివిడిగా పెట్టి గుమ్మం దగ్గర ఉంచింది. అవ్వ కళ్ళు మూసుకుని, ఏదో దేవుడి పేరు తలుచుకుని, కొంగు తీసి వంగింది. మొదట రొయ్యలు. అవ్వ మొహం చేదు మింగినట్టయింది.

"బాగుందా లేదా అని అడగనవ్వా. దేని మాదిరి ఉందో చెప్పు."

"నాకు బాగుంటాదా ఇది, ఏం మాటప్పా!" అని కసిరింది అవ్వ. "వారం వారం వచ్చేదే. ఉప్పునీళ్ళు, నీచు. ఆ వాసనే ఇది."

తర్వాత స్క్విడ్. వంగిందో లేదో వెనక్కి తూలింది. నేను పట్టుకున్నాను.

"ఇది కాదు. ఇట్లాది ఎప్పుడూ రాలేదు నాకు. కక్కసు కడిగిన నీళ్ళ మాదిరి వస్తాండాది. దీన్ని మాత్రం ఎవురికీ పెట్టొద్దప్పా, మీకు పుణ్యముంటాది" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు దిగి పోయింది. కింద కొళాయి దగ్గర వాంతి చేసుకున్న చప్పుడు, తర్వాత ఆ చలిలో చన్నీళ్ళు తలమీద గుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించాయి. ఈవిడ కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది. రొయ్యలు వలుస్తూ, "వంకాయలు తరుగు" అంది నాతో.

స్క్విడ్ మొత్తం పక్క ఖాళీ స్థలంలో గుంట తీసి పూడ్చాను. రొయ్యలకు వంకాయలు జత చేసి, షాచా వేసి పంపింది. సాయంత్రం కుర్రాళ్ళలో ఒకడు ఖాళీ క్యారియర్లు తెచ్చి, పెద్దాయన వంకాయే రెండోసారి వడ్డించుకున్నాడని చెప్పాడు. మరుసటి ఏడాదీ ఈవిడే అయింది. ఆ మాట విని ఆవిడ సంతోషించిందా అంటే చెప్పలేను, మంచం మీద కూర్చుని కాళ్ళు పట్టుకుంది.

దీపాలు పెట్టాక అవ్వ మెట్ల మధ్యదాకా వచ్చి నిలబడింది. తల ఇంకా తడిగానే ఉంది. ఈవిడ లేచి ఎదురెళ్ళింది, పిడుగు ఇప్పుడు పడుతుందనుకున్నాను.

"నీ మొగుడు పోయినప్పుడు పైనించి నెల్లాళ్ళు ఏ వాసనా రాలేదు. పోపు వాసన గూడా లేదు. ఈ పిల్ల గూడా పోయినాదేమో అని ఈడనే నిలబడి చూస్తాంటి. ఒక ఆదివారం నీచు వాసన వచ్చినాది. థూ అనుకుంటి. మళ్ళా, పోనీలే, పొయ్యి వెలిగినాది అనుకుంటి" అంది అవ్వ. తడి జుట్టు వెనక్కి తోసుకుని, "నాకు ఇష్టం లేదు. ఇప్పుడూ లేదు. నా కొడుకుల చెవిన వేయొద్దు. ఆ సాంబ్రాణి మాత్రం ఆపు తల్లీ, దగ్గి దగ్గి చస్తాండా" అని దిగిపోయింది.

సంక్రాంతి వెళ్ళాక నా జలుబు పూర్తిగా వదిలింది. ఒక మధ్యాహ్నం ఆవిడ నన్ను తన గదిలోకి పిలిచి బీరువా తెరిచింది. అడుగున, మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచీ. లోపల మందపాటి గళ్ళ చొక్కా ఉంది. తైవాన్ చలికి కొనుక్కున్నదట ఆయన. స్కూటరు పడిన రోజు పొద్దున విప్పి తలుపుకు తగిలించి పోయాడట.

"ఆస్పత్రి నుంచి వచ్చినాక ఇందులో పెట్టి కట్టినా. తీస్తే పోతుందని ఎప్పుడూ తీయలా. నేను తీసినా నాకెట్టాగూ రాదు." ముడి విప్పుతూ అంది. "నువ్వు వచ్చినప్పుడే అడుగుదామనుకున్నా. నువ్వప్పుడు అన్నిటికీ బాగుంది, బాగుంది అనే దానివి. ఇప్పుడు నీ ముక్కు మీద నమ్మకం కుదిరింది. చూసి చెప్పు."

చొక్కా నా చేతిలో పెట్టింది. నేను మెడపట్టీ దగ్గర చూశాను. చంకల దగ్గర చూశాను. జేబు తిప్పి చూశాను. ఆవిడ నా మొహం మీంచి చూపు తీయలేదు.

"ప్లాస్టిక్ వాసనక్కా. కలరా ఉండలు."

"ఇంకా?"

"పాత గుడ్డ."

"మనిషి?"

నేను మళ్ళీ మొహమంతా అందులో పెట్టేసి పీల్చాను. ఏ మూలైనా కాస్త దొరక్కపోతుందా అని.

"లేదక్కా."

అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఆయనకేం, కుర్చీలో కూర్చుని అంటాడు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఆడమనండి చూస్తాను! నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. చొక్కా తీసుకుని మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. "సరే. నిజం చెప్పినావు" అంది. లేచి దాన్ని బకెట్లో నానేసింది. ఆరాక చేతులు కత్తిరించి, వీపు గుడ్డ నాలుగు మడతలు వేసి కుట్టింది. ఆ రోజు నుంచి ఇనప మూకుడు దించే మసిగుడ్డ అదే. వేరే గుడ్డతో ఆ మూకుడు ముట్టుకోనిచ్చేది కాదు. నా పెళ్ళయి నేను వెళ్ళిపోయాక అవ్వే పెట్టె తెచ్చిన రోజు గుమ్మం దాకా వచ్చి, కొంగు తీసి, కసురుకుంటూ వాసన చూసి చెప్పి, పోయి తలస్నానం చేసేదట.

కబురొచ్చిన రోజు నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి హాల్లో పడుకోబెట్టారు. తమ్ముడు కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎడమ చెవి మీద జుట్టు పక్కకు జరిగి మచ్చ కనిపిస్తుంటే సర్దాను. అక్కడ నిలబడలేక వంటింట్లోకి పోయాను. సీసాలన్నీ వరసగా ఉన్నాయి. మూకుడు బోర్లించి ఉంది. మేకుకు ఆ గుడ్డ వేలాడుతోంది. గళ్ళు ఎప్పుడో నల్లబడి కలిసిపోయాయి. తీసి మొహానికి అదుముకున్నాను, గట్టిగా పీల్చాను.

ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చాను. పాడు జలుబు, గోడను పీల్చినట్టే ఉంది. ఆవిడ ఆ ముడి వేసిన సంచీ పక్కన ఎన్నేళ్ళు పడుకుందో నాకు అప్పుడు తెలిసొచ్చింది.

అవ్వ గుమ్మం దగ్గర ఉంది. అది అవ్వ చోటే కదా. పోయి ఆ గుడ్డ అవ్వ చేతిలో పెట్టాను.

"నాకు రావటం లేదవ్వా. చూసి చెప్పు. బాగుంది, లేదు అనొద్దు. దేని మాదిరి ఉందో చెప్పు."

అవ్వ కొంగు తీసింది. ఈసారి ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. గుడ్డ రెండు చేతులా పట్టుకుని ముక్కుకు ఆనించుకుంది, చాలాసేపు తీయలేదు.

"వెల్లుల్లి" అంది. "కాగిన నువ్వుల నూనె. నీచు."

"ఇంకా?"

"సోయానో ఏందో అంటుండెనే, అది."

"మనిషి?"

అవ్వ గుడ్డ కిందికి దించింది. కళ్ళు మూసుకునే ఉంది.

"ఉండాదప్పా" అంది. "ఇంకా ఉండాది."